మందారంలో దారం

మందారాన్ని మామూలుగా ఎవరూ దారానికి గుచ్చి దండ కట్టరు. ఆ పువ్వు పేరులో మాత్రం దారం ముందే ఉంది. మం, దా, రం అని విడదీసి మొదటి అక్షరాన్ని పక్కన పెట్టండి, దారం చేతికొస్తుంది. కరివేపాకులో వేపాకు ఉంది. గోదావరిలో వరి ఉంది, దారి కూడా ఉంది. నాగావళిలో నావ ఉంది. కమలంలో కలం, టమాటలో మాట, మచిలీపట్నంలో ఏకంగా చిలీ దేశం. అంతా కలగాపులగం చేశారని రోజూ ఎవరినో ఒకరిని విసుక్కుంటాం, ఆ మాటలో పులగం ఉడుకుతున్న సంగతి పట్టించుకోం.

భద్రాచలంలో చలం ఉన్నారు, సింహాచలంలోనూ ఉన్నారు. రచయిత చలం 1950లో ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లి, 1979లో కన్నుమూసేదాకా ఉండిపోయిన ఊరు అరుణాచలం. ఆ ఊరి పేరులో చివరి రెండక్షరాలూ ఆయన పేరే.

పెద్ద మాట ఒకటి తీసుకుని దాని అక్షరాల్లోంచి చిన్న మాటలు ఏరడం తెలియని ఇల్లు ఉండదు. వర్షం పడి ఆటల పీరియడు పోయినప్పుడు మాస్టారు బోర్డు మీద ఒక మాట రాసి, ఇందులో ఎన్ని మాటలున్నాయో రాయండర్రా అంటే ఆ గంట ఎలా గడిచేదో తెలిసేది కాదు. నియమాలు కూడా నాలుగు ముక్కల్లో అయిపోతాయి. ఇచ్చిన మాటలో ఉన్న అక్షరాలే వాడాలి. ఒక్కసారి ఉన్న అక్షరాన్ని ఒక్కసారే వాడాలి. వరస మార్చుకోవచ్చు. వచ్చిన మాటకు అర్థం ఉండాలి. పెన్ను, కాగితం చాలు, అవీ లేకపోతే నోటితో ఆడుకోవచ్చు.

ఇంత తేలికైన ఆట తెలుగులో ఆడినప్పుడు భాష గురించి చెప్పే సంగతులు చాలా లోతుగా ఉంటాయి. మన పిల్లలకు తెలుగు అక్షరం మీద ఇష్టం పుట్టించడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనిపించడం లేదు. కానీ ఈ ఆటను తెలుగు పద్ధతిలో ఆడాలి.

ఇరవై ఆరు బిళ్లల లెక్క వేరు

ఇంగ్లీషువాళ్లు అక్షరాల ఆటలను ఎంత శ్రద్ధగా పెంచుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి క్రాస్‌వర్డ్ వేశారు. 1930లలో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం బిళ్లలు తయారుచేశారు. అదే 1948 నుంచి స్క్రాబుల్. అందులో మొత్తం 100 బిళ్లలు. 'ఇ' బిళ్లలు 12 ఉంటే 'క్యూ', 'జెడ్' ఒక్కొక్కటే. బ్రిటన్‌లో చానల్ 4 అనే టీవీ సంస్థ 1982 నవంబరు 2న ప్రసారాలు ప్రారంభించిన రోజు తెర మీదకొచ్చిన మొట్టమొదటి కార్యక్రమం 'కౌంట్‌డౌన్'. తొమ్మిది అక్షరాలిచ్చి, అర నిమిషంలో వాటిలోంచి వీలైనంత పొడుగు మాట తీయమంటారు. ఒక దేశం కొత్త చానల్‌ను ఇలాంటి ఆటతో మొదలుపెట్టుకుందంటే ఆ భాష మీద వాళ్లకెంత మక్కువో తెలుస్తోంది.

ఈ ఆటల్ని యథాతథంగా తెలుగులోకి దింపాలనుకున్నవాళ్లు మొదటి మెట్టు మీదే తడబడతారు. ఇంగ్లీషులో అక్షరాలు 26. అచ్చు వేరు, హల్లు వేరు, పక్కపక్కన నిలబడతాయి, ఎటంటే అటు జరుగుతాయి. మన వర్ణమాలలో 56 అక్షరాలని బడిలో చెబుతారు కానీ, కాగితం మీద మనం రాసేది వర్ణమాలను కాదు. 'క' ఒక్కటే క నుంచి కః దాకా 16 రూపాలెత్తుతుంది. హల్లులన్నిటికీ గుణింతం కడితే 500 దాటిపోతాయి. వాటికి వత్తులు చేరిస్తే వేలల్లోకి వెళతాం. వీటన్నిటికీ బిళ్లలు చేస్తే ఇంట్లో పెట్టుకోవడానికి గది చాలదు.

మరి తెలుగులో ఆట దేనితో ఆడాలి? నోరు ఒక్క పట్టున పలికేదానితో. మందారం అన్నప్పుడు చప్పట్లు కొట్టమంటే అయిదేళ్ల పిల్ల కూడా మూడే కొడుతుంది: మం, దా, రం. ఆ పిల్లకు గుణింతం రాదు, వత్తులు రావు. అయినా మాట ఎక్కడ విరుగుతుందో చెవికి తెలుసు. మన ఛందస్సు గురులఘువులు లెక్కపెట్టేది ఈ అక్షరాన్నే. తెలుగు క్రాస్‌వర్డయిన గళ్ల నుడికట్టులో ఒక్కో గడిలో కూర్చునేదీ ఈ అక్షరమే.

ఈ లెక్క పట్టుబడ్డాక ఆటలో తిరకాసులు మొదలవుతాయి. కలువలో కల ఉందా? చెవికి ఉన్నట్టే అనిపిస్తుంది. రాసి చూస్తే క, లు, వ. అందులో 'లు' ఉంది కానీ 'ల' లేదు. కాబట్టి కలా లేదు, వలా లేదు. నందివర్ధనంలో నంది ఉంది, ధనం మాత్రం లేదు, ఎందుకంటే అక్కడున్నది 'ర్ధ'. అమ్మాయిలో అమ్మ లేదు, 'మ్మా' దీర్ఘం అడ్డుపడింది. ఇవి తెలిసిన రోజున పిల్లలు మొదట కోప్పడతారు, తర్వాత ప్రతి గుడినీ ప్రతి కొమ్మునూ పట్టిపట్టి చూడటం మొదలుపెడతారు. చూచిరాత కాపీలు పది పూర్తిచేసినా రాని శ్రద్ధ అది.

విజయనగరం విప్పితే

ఒక మాటను తీరిగ్గా విప్పి చూద్దాం. విజయనగరం. వి, జ, య, న, గ, రం. ఆరక్షరాలు.

విజయ, జయ వెంటనే దొరుకుతాయి. రెండూ తెలుగు సంవత్సరాల పేర్లే, వరసగా వచ్చేవే. 2013లో వచ్చిన ఉగాది విజయది, 2014లో వచ్చింది జయది. వినయ ఉంది. పిండాలు పెట్టే గయ ఉంది. మెడలో వేసుకునే నగ ఉంది. నగరం సరేసరి. నరం ఉంది. కొండలో గవి ఉంది. మసాలాలో గరం ఉంది.

ఇక్కడ ఆగిపోతాం. గజం రాయాలనిపిస్తుంది, జనం రాయాలనిపిస్తుంది, జయం, వినయం కళ్ల ముందు ఊరిస్తుంటాయి. కానీ సున్నా 'ర'కు అతుక్కుపోయి ఉంది. దాన్ని ఊడదీసి 'జ'కు పెట్టడానికి నియమం ఒప్పుకోదు. గజ, జన అని సగం సగం రాస్తే అవి సమాసాల్లో బతుకుతాయే తప్ప విడిగా నిలబడవు. కొందరు పెద్దలు పిల్లల మీద జాలిపడి సున్నాను విడిగా వాడుకోనిస్తారు. నేనైతే ఒప్పుకోను. ముడి ఉంటేనే విప్పాలన్న ఉబలాటం ఉంటుంది.

ఇప్పుడు అదే మాటను పాత పద్ధతిలో రాయండి. విజయనగరము. వి, జ, య, న, గ, ర, ము. సున్నా పోయి 'ము' వచ్చింది, 'ర'కు స్వేచ్ఛ దొరికింది. ఒక్కసారిగా మాటలు పోటెత్తుతాయి. విజయము, జయము, వినయము, నయము, జనము, విజనము, గజము, జగము, నగరము, నరము. పర్వతం అనే అర్థంలో నగము. విషం అనే అర్థంలో గరము. యజ్ఞం చేయడం అనే అర్థంలో యజనము. రవి ఉదయిస్తాడు. కాయలు విరగ కాశాయంటాం చూడండి, ఆ విరగ వస్తుంది. మునగ వస్తుంది! అయిదారు నిమిషాలు ఆ పేరుకేసి చూస్తూ కూర్చుని చివరికి పెరట్లో మునగచెట్టును కనిపెట్టినప్పుడు కలిగే సంబరం ఆడినవాళ్లకే తెలుస్తుంది.

బడిలో వల్లెవేసిన డు, ము, వు, లు ప్రథమా విభక్తి గుర్తుందా? ఆ డుమువులే ఈ ఆటకు తాళంచెవులు. ఇచ్చిన మాటలో 'ము' ఉంటే సంస్కృతం నుంచి వచ్చిన మాటలన్నీ వరస కడతాయి. 'డు' ఉంటే మనుషులొస్తారు. 'లు' ఉంటే దొరికిన ప్రతిదానికీ బహువచనం ఉచితం. అనుభవమున్న ఆటగాళ్లు ముందు వీటిని పక్కకు తీసి పెట్టుకుని, మిగిలిన అక్షరాలను జతలు జతలుగా కలిపి చూస్తారు. ఏ వ్యాకరణ పుస్తకం తెరవకుండానే పిల్లలకు తత్సమం ఏదో, దేశ్యం ఏదో చేతికి తగులుతుంది. 'ము' తగిలిస్తే నిలబడేవి ఒక జాతి, నగ, మునగ, గవిలాగా ఏదీ తగిలించకుండానే నిలబడేవి ఇంకో జాతి.

నగరం, నగరము అన్న తేడా ఒకప్పుడు తెలుగుదేశాన్ని రెండుగా చీల్చింది. గ్రాంథికమా వ్యావహారికమా అని పండితులు బాహాబాహీ తలపడిన కాలంలో వ్యావహారికం పక్షాన నిలిచిన గురజాడ అప్పారావుది ఈ విజయనగరమే. కన్యాశుల్కం మొదట 1892లో ఆడింది ఇక్కడే. గురజాడ, గిడుగు గెలిచి మనకు నగరం ఇచ్చారు, అది మన అదృష్టం. ఈ ఆటకు మాత్రం పాత నగరమే లాభం. రాయడానికి వాడుక భాష, ఆడుకోవడానికి గ్రాంథికం. పిల్లలు వందేళ్లనాటి పుస్తకం తెరిచినప్పుడు 'ము'ను చూసి బెదరకుండా ఉండటానికి ఇదొక మంచి ఏర్పాటు.

సభలో ఆడిన ఆట

అక్షరాలను విడగొట్టి, దాచి, మార్చి ఆడుకోవడం మనకు పత్రికలతో వచ్చింది కాదు. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. పదిమంది కూడినచోట వినోదానికీ, జనం మధ్యలో రహస్యం మాట్లాడుకోవడానికీ, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికీ అవి పనికొస్తాయన్నాడు. ఒక అక్షరం జారిపోతే మాట మారిపోయే ఆటను చ్యుతకం అన్నారు. మనకు తెలిసిన మాటలోనే చూడండి. వానరుడిలో తొలి అక్షరం జారిపోతే నరుడు మిగులుతాడు. చివరి రెండూ జారిపోతే వాన మిగులుతుంది. 'వా నర', అంటే నరుడేమో అనిపించేవాడు కాబట్టి వానరుడయ్యాడని పండితులు చెప్పే వ్యుత్పత్తి కూడా ఈ విరుపు మీదే నిలబడింది.

తెనాలి రామకృష్ణుడి కథల్లో అందరికీ తెలిసిన తిలకాష్ఠమహిషబంధనం ఉండనే ఉంది. ఎవరినైనా ఓడిస్తానని వచ్చిన పండితుడు ఆ గ్రంథం పేరు విని రాత్రికి రాత్రే ఊరు దాటిపోయాడు. గ్రంథం అంతా ఆ పేరులోనే ఉంది: తిలలు అంటే నువ్వులు, కాష్ఠం అంటే కట్టె, మహిషం అంటే గేదె, బంధనం అంటే తాడు. నువ్వుల కట్టెలను గేదెను కట్టే తాడుతో కట్టిన మూట. పండితుడికి సంస్కృతం రాక కాదు, మాటను విప్పి చూసే నిదానం లేక ఓడిపోయాడు. అదే రామకృష్ణుడికి కట్టబెట్టిన వికటకవి బిరుదును వెనక్కి చదివినా వికటకవే. అక్షరాన్ని లెక్కగా తీసుకుంటేనే ఇది సాధ్యం.

విరుపుల విద్యను కావ్యమంతా నడిపించినవాడు పింగళి సూరన. పదహారో శతాబ్దంలో ఆయన రాసిన రాఘవపాండవీయంలో ప్రతి పద్యానికీ రెండర్థాలు. ఒకలా విరిస్తే రామాయణం, ఇంకోలా విరిస్తే భారతం. కళాపూర్ణోదయంలో ఆయనదే ఒక కందపద్యం ముందునుంచి చదివితే తెలుగు, చివరినుంచి వెనక్కి చదివితే సంస్కృతం. చిత్రకవిత్వాన్ని కసరత్తు అని తీసిపారేసే విమర్శకులున్నారు. పద్యమంతా కసరత్తే అయినచోట ఆ మాట ఒప్పుకుంటాను. సూరన విషయంలో ఒప్పుకోలేను. రెండు భాషలు ఒకే అక్షరాల్లో ఇమడగలవని చూడటానికి ఎంత చెవి ఉండాలి!

ఈ విద్య ఇవాళ్టికీ జనం ముందు బతికి ఉన్న చోటు అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దాన్ని జనంలోకి తెచ్చినప్పటి నుంచి ఆ సభలకు వెళ్లేవాళ్లకు ఇందులోని అంశాలు కొట్టినపిండే. వ్యస్తాక్షరిలో, ప్రశ్నలడిగే పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని అక్షరాలుగా చెదరగొట్టి, ఏడో అక్షరం ఇది, మూడోది ఇది అని వరస తప్పించి ఒక్కొక్కటే అందిస్తుంటాడు. పద్యాలు చెబుతూ, గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగానికి జవాబులిస్తూనే అవధాని వాటిని మనసులో ఎక్కడివక్కడ పెట్టుకుని చివర్లో వాక్యం మొత్తం చెబుతాడు.

దత్తపది ఇంకా రుచిగా ఉంటుంది. పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చి, వాటిని ఇమిడ్చి తాను చెప్పిన విషయం మీద పద్యం చెప్పమంటాడు. ఇచ్చేవి ఆ విషయానికి ఆమడ దూరంలో ఉంటాయి. ఉదాహరణకు మీటరు, కూలరు, కారు, పేపరు ఇచ్చి, అశోకవనంలో సీతతో హనుమంతుడు మాట్లాడినట్టు చెప్పమన్నారనుకుందాం. ఇవి ఏ సభలోవీ కావు, పద్ధతి తెలియడానికి నేను కూర్చినవి. రామాయణంలో కూలరెక్కడిది? కానీ తెలుగు మాటల లోపల ఎక్కడో అవి ఉండే ఉంటాయి. 'అమ్మా, నీ దుఃఖం చూసి ఈ వనంలో ఎవరూ వీణ మీటరు.' మీటరు వచ్చేసింది. 'ధర్మాన్ని నమ్మినవారు కూలరు.' కూలరు వచ్చింది. 'వానరులు సామాన్యులు కారు.' కారూ వచ్చింది. పేపరు కాస్త మొండిది, ఒక్క మాటలో దొరకదు, రెండు మాటల అంచుల మీద వెతకాలి. 'రాముడు రేపే పరుగున వస్తాడు తల్లీ.' రేపే పరుగున. ఆ రెండు మాటల మధ్యలో పేపరు ఉంది. సీతకు కబురూ అందింది, పృచ్ఛకుడి కోరికా తీరింది. ఇక్కడ నేను వచనంలో చెప్పాను, అవధాని దీన్ని ఛందస్సులో, యతిప్రాసలతో, సభ ఎదుట చెప్పాలి. ఆ క్షణంలో హాలంతా చప్పట్లతో ఊగిపోతుందంటే దాచినదాన్ని అందరూ ఒకేసారి కనిపెట్టారన్నమాట.

గళ్లలోకి వచ్చాక

పత్రికలొచ్చాక ఈ ఆట గళ్లలోకి దిగింది. శ్రీశ్రీ దానికి పదబంధ ప్రహేళిక అని పేరు పెట్టుకున్నారు, ఆరుద్ర గళ్ల నుడికట్టు అన్నారు. మహాకవీ, సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన పరిశోధకుడూ ఇద్దరూ అడ్డం నిలువుల కూర్పుకు సమయం కేటాయించారు. వాళ్లు దీన్ని చిన్నతనం అనుకోలేదు. సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమరిక్కులు కలిపి శ్రీశ్రీ వేసిన పుస్తకం పేరు సిప్రాలి, ఆ మూడు పేర్ల తొలి అక్షరాలే అవి. ఆరుద్ర కలంపేరులో ఆరు ఉంది, రుద్ర ఉంది. ఆరుద్ర నక్షత్రానికి అధిదేవత రుద్రుడే.

నుడికట్టు ఆధారాల్లో ఒక ప్రత్యేకమైన తెలుగు పుట్టింది. తల తీసేశారంటే మొదటి అక్షరం పోయిందని, తోక తెగిందంటే చివరిది పోయిందని, తడబడిందంటే అక్షరాల వరస మారిందని, వెనుదిరిగిందంటే తిరగేసి రాయాలని. 'పలక బోర్లా పడితే తయారయ్యే సరుకు' అని ఆధారం ఇచ్చారనుకోండి, జవాబు కలప. ఒకప్పటి చెక్క పలకలు గుర్తున్నవాళ్లకు ఆ ఆధారం ఇంకాస్త రుచిస్తుంది. మంచి ఆధారానికి గుర్తు ఇదే. అక్షరాల లెక్క సరిపోవాలి, అర్థమూ అతకాలి. ఈ రోజుల్లో వచ్చే చాలా నుడికట్లలో మొదటిదే ఉంటోంది. నిఘంటువులో మూలనున్న మాట తెచ్చి గడి నింపడం తేలిక. నలుగురికీ తెలిసిన మాటను కొత్తగా చూపించడం కష్టం, పాఠకుడికి కావలసింది అదే.

పాసింజరు బండిలో తాతా మనవరాలూ

విశాఖ నుంచి పలాస వైపు వెళ్లే పాసింజరులో ఒకసారి నా ఎదుటి సీట్లో ఒక పెద్దాయన, ఏడెనిమిదేళ్ల మనవరాలు కూర్చున్నారు. బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ ఆ పిల్ల కిటికీకి ముఖం ఆనించి పసుపు బోర్డు చదువుతోంది. కొత్తవలసలో మొదలైంది.

"తాతా, వల ఉంది!"

"వలలో ఆగిపోయావేం? ఇంకో అక్షరం కలుపు."

"వలస! వలసలోనే వల ఉంది తాతా."

అలమండలో అల దొరికింది, మండ దొరికింది. మండ అంటే ఏమిటని అడిగితే చిన్న కొమ్మ అని చెప్పారాయన. గరివిడిలో విడి. చీపురుపల్లి రాగానే పెట్టె మొత్తం వినేలా "చీపురు!" అని అరిచింది. అప్పటికి చుట్టుపక్కలవాళ్లమంతా ఆటలో కలిసిపోయాం. పొందూరు దగ్గర పేచీ వచ్చింది.

"ఊరు ఉంది తాతా."

"ఎక్కడుందే? పొం, దూ, రు. చూసి చెప్పు."

"రాయడానికి లేదు. వినపడుతోంది కదా!"

పెద్దాయన కాసేపు ఆలోచించి, "నిజమేనమ్మా, పొందు, ఊరు కలిసి పొందూరు. కలిసినప్పుడు ఊ వెళ్లి ద మీద కూర్చుంది. నీకు సగం మార్కు" అన్నారు. ఉత్వ సంధిని ఇంత సుళువుగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్ల చదివేది ఇంగ్లీషు మీడియం అని తర్వాత మాటల్లో తెలిసింది. తెలుగు చదవడం నేర్చుకున్నది చాలావరకు ఈ బోర్డుల మీదేనట.

ఇవాళ మన ఇళ్లల్లో తెలుగు బాగా మాట్లాడుతూ చదవలేని పిల్లలు తక్కువేం కాదు. వాళ్లకు పాఠం పెడితే పారిపోతారు, ఆట పెడితే కూర్చుంటారు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వాళ్లు 'తెలుగు మాట్లాట' పేరుతో పిల్లలకు మాటల పోటీలు పెడుతున్నారు. పరాయి దేశంలో వారాంతాల్లో గంటో రెండు గంటలో దొరికే తెలుగు బడి ఆటను ఇంతగా నమ్ముకుంది. రోజంతా చుట్టూ తెలుగు బోర్డులున్న మన ఊళ్లల్లో అది ఇంకా తేలిక కావాలి.

ఫోనుకు అక్షరం నేర్పాలి

పిల్లల చేతిలో ఇప్పుడున్నది ఫోను, అందుకని ఆ మాట కూడా అనుకోవాలి. తెలుగు అక్షరాల ఆటలంటూ వచ్చేవాటిలో కొన్నింటిని తెరిస్తే మనసు చివుక్కుమంటుంది. తిరగేసిన మాటలో గుడి విడిపోయి చుక్కల వలయం మీద వేలాడుతుంటుంది. వత్తు ఒకచోట, దాని అక్షరం ఇంకోచోట. కారణం పెద్ద రహస్యమేం కాదు. కంప్యూటరు తెలుగును ముక్కలుగా దాచుకుంటుంది. మనం విజయనగరంలో ఆరక్షరాలు చూస్తే అది ఎనిమిది ముక్కలు చూస్తుంది, ఎందుకంటే 'వి'లోని గుడి, 'రం'లోని సున్నా దానికి వేరు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈకారం గుర్తు. ఇంగ్లీషు ఆట కోసం రాసిన ప్రోగ్రాములో తెలుగు మాటలు పోస్తే అది ఆ ఆరింటినీ ఆరు బిళ్లలనుకుని కలిపేస్తుంది.

దీనికి మందు ఉంది. ముక్కలను కలిపి అక్షరంగా ఎలా లెక్కపెట్టాలో యూనికోడ్ నియమాలు చెబుతాయి. తెలుగు వంటి లిపుల్లో వత్తులున్న అక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగానే పట్టుకునే నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పులో చేరింది. ఆట తయారుచేసేవాళ్లు ఆ కాస్త శ్రమ తీసుకుంటే చాలు. తెలుగులో ఆట చేస్తున్నామని చెప్పుకుని తెలుగు అక్షరాన్నే చిత్రవధ చేయడం పిల్లల పట్ల అపచారం. గుడి ఊడిపోయిన అక్షరాన్ని చూసిన పిల్లకు తెలుగంటే గజిబిజి అనే ముద్ర పడిపోతుంది.

బడుల్లో పనిచేసే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక విన్నపం. వారానికి ఒక్క రోజు, పది నిమిషాలు, బోర్డు మీద మీ ఊరి పేరు రాసి పిల్లలకు వదిలేయండి. మార్కులు వేయకండి. ఎవరూ చూడని మాట ఎవరైనా తెస్తే వాళ్ల పేరు బోర్డు మీద రాయండి, అది చాలు. అమ్మానాన్నలు ప్రయాణంలో పిల్లల చేతికి ఫోనిచ్చే ముందు ఒక స్టేషను బోర్డు చూపించండి. తాతయ్యలకూ అమ్మమ్మలకూ వేరే చెప్పక్కర్లేదు, మండ, గవి, విరగ లాంటి మాటలు ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

పాఠకులకు ఈ ఆదివారానికి ఒక మాట ఇస్తున్నాం. రాజమహేంద్రవరము. రా, జ, మ, హేం, ద్ర, వ, ర, ము. రామ, రమ, మర, వరము, రవము, జవము తేలిగ్గానే కనిపిస్తాయి, అవి లెక్కలోకి రావు. నాలుగక్షరాల మాట ఒకటుంది, ప్రభువుల శాసనాల కింద పడేది. వరసలో లేదు, మధ్యలో అక్షరాలు దాటుకుంటూ వెళ్లాలి. 'హేం'ను ముట్టుకోనక్కర్లేదు. ఇంట్లో అందరూ కూర్చుని వెతకండి. దొరకకపోతే రా, జలతో మొదలుపెట్టి చివరి 'ము' దగ్గరికి వెళ్లి వెనక్కి 'ద్ర'కు రండి.

జవాబు: రాజముద్ర.